ఎడమకి తిప్పితే మూగబోయే హారన్

మాస్టారు గుడివాడలో హైస్కూలు టీచరు. విజయవాడ ఆటోనగర్‌లో మా షాపు ముందు కారు ఆపి, దిగకుండానే సమస్య చూపించారు. స్టీరింగ్ తిన్నగా పెట్టి నొక్కితే హారన్ మోగింది. ఒక చుట్టు ఎడమకి తిప్పి నొక్కితే మోగలేదు. మళ్లీ తిన్నగా తెస్తే మోగింది.

"చూశావా బాబూ, మలుపులోనే కదా హారన్ కావాల్సింది, అక్కడే మోగట్లేదు" అన్నారు.

కారు 2018 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 71 వేల కిలోమీటర్లు తిరిగింది. ముందు రెండు ఎయిర్‌బ్యాగులు, స్టీరింగ్ మీద ఆడియో బటన్లు, ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఉన్నాయి. ఈఎస్‌పీ (కారు జారకుండా అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) లేదు. ఈ లేకపోవడం గురించి కింద మళ్లీ చెబుతాను, కేసులో దానికి పాత్ర ఉంది.

కంప్లైంట్లు మొత్తం నాలుగు. హారన్ సంగతి చెప్పాను. మీటర్ బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరకుండా వెలుగుతోంది. స్టీరింగ్ మీది ఆడియో బటన్లు పనిచేయట్లేదు. మలుపు తిరిగాక ఇండికేటర్ దానంతట అది ఆగట్లేదు, చేత్తో ఆపాల్సి వస్తోంది.

మా దగ్గరికి రాకముందే రెండు చోట్ల చూపించారు. ఒకచోట హారన్ జత, దానికి కరెంటు కలిపే రిలే మార్చారు. ఫలితం లేదు. ఇంకోచోట "కాంబినేషన్ స్విచ్ పోయింది, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ కూడా పోయింది, రెండూ మార్చాలి" అని పెద్ద ఎస్టిమేట్ ఇచ్చారు. కాంబినేషన్ స్విచ్ అంటే స్టీరింగ్ కింద ఇండికేటర్, లైట్ల పుల్లలు ఉండే స్విచ్. అంత ఖర్చు పెట్టలేనంటే, "సరే, ఒక రెసిస్టర్ పెట్టి ఆ లైటు ఆర్పేస్తాం, కారు బాగానే నడుస్తుంది" అన్నారట. ఆ మాట విని భయపడి ఇటు వచ్చారు. భయపడటమే మంచిదైంది. ఎందుకో తర్వాత చెబుతాను.

నేను కారు ముట్టుకోకముందు అడిగే ప్రశ్న ఒకటుంది. "మాస్టారూ, ఇవన్నీ మొదలవక ముందు కారుకి ఆఖరిసారి చేయించిన పని ఏంటండీ?"

కాసేపు ఆలోచించారు. "కింద గడగడమని శబ్దం వస్తోందని స్టీరింగ్ ర్యాక్ దించి బుష్‌లు వేయించాను. రెండు నెలలైంది. దానికీ హారన్‌కీ సంబంధం ఏముంది బాబూ?"

ర్యాక్ అంటే స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలని తిప్పే భాగం, దాన్ని దించాలంటే స్టీరింగ్ నుంచి విడదీయాలి. అందుకే సంబంధం ఉంటుందనే నా అనుమానం. ఇంకో ప్రశ్న వేశాను, ఈ నాలుగింట్లో ఏది ముందు వచ్చింది అని. ఆయన లెక్కల మాస్టారు కాబట్టి వరస బాగా గుర్తుంది. ర్యాక్ పని అయిన వారానికి, ఇంటి గేటు దగ్గర స్టీరింగ్ ఎడమకి పూర్తిగా తిప్పినప్పుడు లోపల "టక్" మని రెండుసార్లు వినపడింది. ఆ రోజు నుంచే ఇండికేటర్ ఆగడం మానేసింది. తర్వాత కొన్ని రోజులకి యూటర్న్ తీసుకున్నప్పుడల్లా ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగడం మొదలైంది. ఆపైన వాల్యూమ్ పెంచే బటన్ నొక్కితే పాట మారిపోయేది, కొన్నాళ్లకి బటన్లు పూర్తిగా ఆగిపోయాయి. చివర్న హారన్.

ఈ వరస విన్నాక సగం పని అయిపోయిందనిపించింది. కారణం అర్థం కావాలంటే స్టీరింగ్ కింద ఏముందో ముందు చెప్పాలి.

తిరిగే చక్రానికి కరెంటు ఎలా వెళ్తుంది?

స్టీరింగ్ తిరుగుతుంది, దాని కింద ఉన్న కాలమ్ కదలకుండా ఉంటుంది. చక్రం మీద ఉన్న హారన్ బటన్‌కి, ఆడియో బటన్లకి, ఎయిర్‌బ్యాగ్‌కి కారు వైరింగ్ నుంచి తీగలు వెళ్లాలి. మామూలు వైరు వేస్తే నాలుగు రోజుల్లో మెలిపడి తెగిపోతుంది. అంబాసిడర్, పద్మిని కాలంలో ఈ ఇబ్బందికి సులువైన దారి ఉండేది. స్టీరింగ్ అడుగున ఇత్తడి రింగు, దాన్ని రాసుకుంటూ ఒక స్ప్రింగ్ కాంటాక్ట్. వెళ్లాల్సింది హారన్ తీగ ఒక్కటే. రింగుకి మసి పడితే ఎమ్రీ పేపర్‌తో రుద్దేవాళ్లు, మళ్లీ మోగేది.

ఎయిర్‌బ్యాగ్ వచ్చాక ఆ పద్ధతి పనికిరాలేదు. రాసుకునే కాంటాక్ట్ ఒక్క క్షణం వదిలినా హారన్ గరగరమంటుంది, అంతే. ఎయిర్‌బ్యాగ్ విషయంలో ఆ ఒక్క క్షణమే ప్రాణం. అందుకే రెండు చివరలా గట్టిగా బిగించిన తీగ కావాల్సి వచ్చింది. ఆ తీగే క్లాక్ స్ప్రింగ్. పేరులో స్ప్రింగ్ ఉన్నా లోపల ఉండేది సన్నటి ప్లాస్టిక్ రిబ్బన్. దాని మీద పక్కపక్కనే రాగి గీతలు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బాలో ఆ రిబ్బన్ చుట్టలు చుట్టుకుని ఉంటుంది. స్టీరింగ్ ఒక వైపు తిప్పితే బిగుసుకుంటుంది, ఇంకో వైపు తిప్పితే వదులవుతుంది. మన దేశంలో 2019 జూలై 1 నుంచి కొత్త కార్లన్నింట్లో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. అంటే ఈ డబ్బా లేని కొత్త కారు ఇప్పుడు లేనట్టే. అయినా చాలామంది మెకానిక్‌లు దీన్ని విప్పి లోపలికి చూసి ఉండరు.

మాస్టారు కారులో ఆ రిబ్బన్ మీద ఆరు గీతలు. ఎయిర్‌బ్యాగ్‌కి రెండు, హారన్‌కి ఒకటి, ఆడియో బటన్లకి రెండు, ఒకటి ఖాళీ. ఇప్పుడు ఆయన చెప్పిన వరస చూడండి.

ఎయిర్‌బ్యాగ్‌లో మందు అంటించే చిన్న ఫిలమెంటు ఉంటుంది, దాని రెసిస్టెన్స్ సుమారు 2 ఓమ్‌లు. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ అతి చిన్న కరెంటు పంపి దాన్ని ఎప్పటికప్పుడు కొలుస్తూనే ఉంటుంది. రాగి గీతకి వెంట్రుక వాసి పగులు వచ్చి ఒకటి రెండు ఓమ్‌లు పెరిగినా చాలు, లైటు వేసేస్తుంది. అందుకే రిబ్బన్ తీగల్లో అదే ముందు బయటపడింది.

ఆడియో బటన్ల సంగతి వేరు. ఒక్కో బటన్‌కి ఒక్కో వైరు ఉండదు. ఒక్కో బటన్ వెనక ఒక్కో విలువ ఉన్న రెసిస్టర్ ఉంటుంది, ఏ బటన్ నొక్కారో స్టీరియో ఆ వోల్టేజీని బట్టి తెలుసుకుంటుంది. ఉదాహరణకి స్టీరియో లోపల 5 వోల్టులు, 1000 ఓమ్‌ల రెసిస్టర్ ఉన్నాయనుకోండి. 100 ఓమ్‌ల బటన్ నొక్కితే సుమారు 0.45 వోల్టులు కనపడతాయి. దారిలో రిబ్బన్ పగిలి ఇంకో 200 ఓమ్‌లు కలిస్తే అదే బటన్‌కి 1.15 వోల్టులు కనపడతాయి. స్టీరియో లెక్కలో అది ఇంకో బటన్. వాల్యూమ్ నొక్కితే పాట మారడం అందుకే. కస్టమర్ ఈ మాట చెప్పినప్పుడు "స్టీరియో పాడైంది" అని కొట్టిపారేయకూడదు. బటన్లు తికమక పడుతున్నాయంటే దారిలో ఎక్కడో రెసిస్టెన్స్ పెరిగిందని అర్థం.

ఇక హారన్. బటన్ నొక్కితే నేరుగా హారన్‌కి కరెంటు వెళ్లదు. రిలే కాయిల్‌కి ఎర్త్ (బ్యాటరీ మైనస్‌కి దారి) దొరుకుతుంది, రిలే పడుతుంది, అప్పుడు హారన్ మోగుతుంది. కాయిల్ రెసిస్టెన్సే 90 ఓమ్‌ల దాకా ఉంటుంది కాబట్టి దారిలో ఇరవై ముప్పై ఓమ్‌లు పెరిగినా రిలే ఇంకా పడుతూనే ఉంటుంది. కాంటాక్ట్ దాదాపు పూర్తిగా తెగితే తప్ప హారన్‌కి తెలియదు. అందుకే అది చివరిది.

నాలుగు వేరు వేరు పార్టులు వరసగా పోవడం జరగని పని కాదు, కానీ ఒకే దారిలో వెళ్లే తీగలు వాటి వాటి సున్నితాన్ని బట్టి ఒక్కొక్కటే బయటపడుతున్నాయని నాకు నమ్మకం కుదిరింది. ఇండికేటర్ ఒక్కటే ఈ లెక్కలో ఇమడలేదు. అది రిబ్బన్ గుండా వెళ్లదు. కాంబినేషన్ స్విచ్ ఇందులో వేరుగా పోయి ఉంటుందనుకుని, స్విచ్ ధర కూడా కనుక్కుని పెట్టాను. అక్కడ నేను తొందరపడ్డాను.

స్టీరింగ్ విప్పకముందు చేసినవి

నమ్మకం ఒకటి, రుజువు ఒకటి. ముందు రిలే పీకి, దాని సాకెట్‌లో 30, 87 పిన్నులు (కరెంటు వచ్చేది, హారన్‌కి వెళ్లేది) కలిపాం. హారన్ గట్టిగా మోగింది. హారన్, ఫ్యూజ్, అక్కడికి వచ్చే పవర్ బాగున్నట్టే. కొత్త హారన్ జత అనవసరంగా వేశారని అప్పుడే తేలిపోయింది.

తర్వాత స్టీరింగ్ కింది ప్లాస్టిక్ కవరు తీశాం. ఇంజిన్ తాళం చుట్టూ అసలు తాళాన్ని గుర్తుపట్టే ఇమ్మొబిలైజర్ యాంటెన్నా రింగు ఉంటుంది, కవరు లాగేటప్పుడు దాని వైరు తెంపితే కారు స్టార్ట్ కాదు. మా కుర్రాడికి ప్రతిసారీ చెబుతాను, ఈసారీ చెప్పాను. క్లాక్ స్ప్రింగ్ కింది వైపు కప్లర్ (వైర్లు కలిసే ప్లగ్) దగ్గర హారన్ వైరుని పిన్నుతో తాకి ఎర్త్ చేశాను. ఎటు తిప్పినా హారన్ మోగింది. అంటే అక్కడి నుంచి రిలే దాకా వైరింగ్ బాగుంది. లోపం ఆ కప్లర్‌కి పైనే ఉంది, అంటే క్లాక్ స్ప్రింగ్‌లోనైనా ఉండాలి, హారన్ బటన్‌లోనైనా ఉండాలి. బటన్ అయితే తిన్నగా ఉన్నప్పుడు మోగి, ఎడమకి తిప్పితే ఆగడం ఏంటి?

తప్పుల కోడ్ చదివే స్కానర్ పెడితే "డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్, రెసిస్టెన్స్ ఎక్కువ" అని వచ్చింది. ఆ కోడ్ చదివి ఎయిర్‌బ్యాగ్ పోయిందని చెప్పేవాళ్లు ఉన్నారు. కోడ్ చెప్పేది సర్క్యూట్ గురించి. సర్క్యూట్‌లో బ్యాగ్ ఉంది, రెండు కప్లర్లు ఉన్నాయి, రిబ్బన్ ఉంది, వైరింగ్ ఉంది.

ఇక్కడి నుంచి చేయి జాగ్రత్తగా ఉండాలి. బ్యాటరీ మైనస్ తీసేశాం. ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌లో కెపాసిటర్లు ఉంటాయి, బ్యాటరీ తీసినా కొంతసేపు వాటిలో బ్యాగ్ పేల్చేంత శక్తి మిగిలి ఉంటుంది. మాన్యువల్‌లో ఎన్ని నిమిషాలు రాసినా నేను కనీసం పది నిమిషాలు ఆగుతాను. ఆ పది నిమిషాల్లో టీ తాగి వచ్చాం. స్టీరింగ్ పక్క రంధ్రాల్లోంచి స్క్రూడ్రైవర్‌తో క్లిప్పులు నొక్కి బ్యాగ్ బయటికి తీశాను. దాన్ని ముఖం నా ఒంటికి దూరంగా పట్టుకుని, బల్ల మీద ముఖం పైకి ఉండేలా పెట్టాను. బోర్లా పెడితే, పొరపాటున పేలినప్పుడు మొత్తం మాడ్యూలే పైకి ఎగురుతుంది. పసుపు కప్లర్ పీకగానే లోపల చిన్న రేకు రెండు టెర్మినల్స్‌ని కలిపేస్తుంది, ఎక్కడి నుంచీ కరెంటు దూరకుండా ఆ ఏర్పాటు. బ్యాగ్‌కి మల్టీమీటర్ ఎప్పుడూ పెట్టకూడదు. మీటర్ పంపే కరెంటు చిన్నదే అయినా, ఆ పందెం వేయడానికి నేను సిద్ధంగా లేను.

బ్యాగ్ స్థానంలో దాని కప్లర్‌కి 2.2 ఓమ్‌ల రెసిస్టర్ తగిలించి బ్యాటరీ కలిపాం. కోడ్ చెరిపితే, స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడు లైటు ఆరింది. ఎడమకి తిప్పితే మళ్లీ వెలిగింది. బ్యాగ్ బల్ల మీద ఉంది, తప్పు ఇంకా కారులోనే ఉంది. బ్యాగ్ నిర్దోషి.

ఇదే రెసిస్టర్ గురించి ఆ షాపులో మాస్టారికి చెప్పింది. పరీక్ష కోసం ఐదు నిమిషాలు పెట్టడానికీ, కారులో వదిలేయడానికీ తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత. రెసిస్టర్ చూసి కంట్రోల్ యూనిట్ బ్యాగ్ ఉందనుకుంటుంది, లైటు ఆరుతుంది. గుద్దుకున్నప్పుడు పేల్చే కరెంటు ఆ రెసిస్టర్‌లోకి వెళ్తుంది. బ్యాగ్ తెరుచుకోదు. లైటు వెలుగుతుంటే కనీసం రక్షణ లేదని తెలుస్తుంది, ఆర్పేస్తే అదీ తెలియదు. పాత కారు కొనేవాళ్లు ఒక పని చేయండి. తాళం ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే ఆ లైటునే ఎవరో తీసేశారు. మామూలుగా వెలిగి ఆరినా పూర్తి భరోసా లేదు, రెసిస్టర్ పెట్టినా అలాగే వెలిగి ఆరుతుంది. అందుకే గుద్దుకుని బాగుచేసిన కారైతే బ్యాగ్ ఉందో లేదో విప్పి చూపించమనండి.

డబ్బా తెరిస్తే

మళ్లీ బ్యాటరీ తీసి, ఆగి, ముందు చక్రాలు తిన్నగా పెట్టి, స్టీరింగ్‌కీ, దాని కింది కడ్డీ అయిన షాఫ్ట్‌కీ పెయింట్ గుర్తు పెట్టి నట్టు విప్పాం. క్లాక్ స్ప్రింగ్ మీద బాణం గుర్తులు రెండూ ఎదురెదురుగా కలిసే ఉన్నాయి. చూసినవాళ్లు సరిగ్గా ఉందనే అనుకుంటారు. కానీ బాణాలు ప్రతి చుట్టుకీ కలుస్తాయి. పక్కన చిన్న కిటికీలో పసుపు రంగు కనపడితేనే అసలు మధ్య. ఆ కిటికీలో పసుపు లేదు, నల్లగా ఉంది.

డబ్బాని చేతిలో పెట్టుకుని మెల్లగా తిప్పి లెక్కపెట్టాం. ఎడమకి ఒకటిన్నర చుట్లకే ఆగింది. కుడికి మూడున్నర. మొత్తం ఐదు, అంటే మధ్య నుంచి రెండున్నర రెండున్నర ఉండాలి. సరిగ్గా ఒక చుట్టు తేడా.

ర్యాక్ దించినప్పుడు ఏం జరిగిందో ఇప్పుడు తెలిసిపోయింది. కింద షాఫ్ట్ జాయింటు విప్పాక స్టీరింగ్‌ని ఆపేది ఏమీ ఉండదు. ఎవరో కారు లోపల కూర్చుంటూ చేయి వేసి ఉంటారు, పూర్తిగా ఒక చుట్టు ఎడమకి తిరిగింది. పూర్తి చుట్టు కాబట్టి స్టీరింగ్ చూడ్డానికి తిన్నగానే ఉంది. అలాగే బిగించేశారు. ఈ కారులో స్టీరింగ్ తిన్నగా ఉన్నచోటు నుంచి ఒక వైపు చివరికి 1.7 చుట్లు తిరుగుతుంది. ముందే ఒక చుట్టు వాడేశారు, దానికి 1.7 కలిపితే 2.7. రిబ్బన్‌కి ఉన్నది రెండున్నర. ఎడమకి పూర్తిగా తిప్పిన ప్రతిసారీ ఆ మిగిలిన 0.2 చుట్టు రిబ్బన్‌ని లాగేసింది. మాస్టారి గేటు ఎడమ వైపు ఉంది, ఇల్లు ఇరుకు సందులో. రోజూ పూర్తిగా తిప్పితేనే కారు లోపలికి వెళ్తుంది.

డబ్బా క్లిప్పులు ఊడదీసి తెరిచాను. లోపలి చుట్ట చివర, రిబ్బన్ బొడ్డుకి కలిసే చోట తెల్లగా చారలు పడి ఉంది, ప్లాస్టిక్ పదేపదే వంగితే వచ్చే తెలుపు. గోరుతో సవరిస్తే రాగి గీతలు కనపడ్డాయి. నాలుగు అడ్డంగా చీలి, అంచులు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. రిబ్బన్ వదులుగా ఉంటే అంచులు తాకుతున్నాయి, ఎడమకి బిగిస్తే విడిపోతున్నాయి. హారన్ గీత అంచు నల్లబడింది. మాస్టారు కళ్లజోడు పైకి ఎత్తి దగ్గరగా చూసి, "ఇంత సన్నటి దాని మీదా నా ప్రాణం ఆధారపడింది" అన్నారు.

డబ్బా అడుగున విరిగిన ప్లాస్టిక్ ముక్క ఒకటి దొరికింది. గోరంత. అది చూశాక స్విచ్ ఆర్డర్ ఇవ్వనందుకు ఊపిరి పీల్చుకున్నాను. ఈ కారులో ఇండికేటర్ పుల్లని వెనక్కి తన్నే కొమ్ము క్లాక్ స్ప్రింగ్ తిరిగే భాగం అడుగునే ఉంటుంది. "టక్" మన్న రోజు విరిగింది ఆ కొమ్మే. కాంబినేషన్ స్విచ్ బాగుంది, దాన్ని వెనక్కి తోసేది లేకుండా పోయింది. నాలుగో కంప్లైంట్ కూడా ఇదే డబ్బాలోది.

ఈఎస్‌పీ ఉన్న కారైతే ఈ తప్పు ఇంతకాలం దాగేది కాదు. వాటిలో కాలమ్ మీద స్టీరింగ్ ఎంత తిరిగిందో కొలిచే యాంగిల్ సెన్సర్ ఉంటుంది. చాలావాటిలో పళ్ల సంఖ్య తేడా ఉన్న రెండు చిన్న గేర్లు, వాటికి అయస్కాంతాలు ఉంటాయి, రెండింటి తేడాని బట్టి ఎన్నో చుట్టులో ఉందో కూడా తెలిసిపోతుంది. చక్రాలు తిన్నగా వెళ్తుంటే స్టీరింగ్ 360 డిగ్రీలు తిరిగి ఉందని అది చెబుతుంది, మీటర్‌లో లైటు వస్తుంది. ఈ కారులో అలాంటి కాపలా లేదు.

బిగింపు

కాపీ పార్టు సగం ధరకి దొరుకుతుంది. వద్దన్నాను. ఎయిర్‌బ్యాగ్ తీగ ఉన్నచోట కాపీ వేయను, కస్టమర్ బతిమాలినా వేయను. కంపెనీ పార్టు మధ్యలో లాక్ చేసి వస్తుంది, బిగించేదాకా ఆ లాక్ తీయకూడదు. చక్రాలు తిన్నగా ఉన్నాయని ఇంకోసారి చూసి, కిటికీలో పసుపు చూసి బిగించాం. షాఫ్ట్ ఒక చుట్టు తిరిగే ఉంది కదా, ర్యాక్ మళ్లీ దించాలా అని మా కుర్రాడు అడిగాడు. అక్కర్లేదు. ఈ కారు పవర్ స్టీరింగ్‌లో చేతి బలాన్ని కొలిచే టార్క్ సెన్సర్ తీగలు చుట్టుకోని రకం, షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగినా దానికి ఒకటే. మధ్య తెలియాల్సింది క్లాక్ స్ప్రింగ్‌కి మాత్రమే.

బ్యాగ్ పెట్టి, బ్యాటరీ కలిపేటప్పుడు కారు లోపల ఎవరినీ ఉంచలేదు. తాళం ఆన్ చేస్తే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరింది. కోడ్ చెరిపాం, మళ్లీ రాలేదు. రెండు వైపులా చివరిదాకా తిప్పుతూ ప్రతి పావు చుట్టుకీ హారన్ కొట్టించాను, పక్క షాపువాళ్లు ఏమైందని తొంగి చూశారు. వాల్యూమ్ బటన్ వాల్యూమే పెంచింది. ఎడమకి, కుడికి మలుపు తిప్పితే ఇండికేటర్ టిక్కున ఆగింది.

మాస్టారు వెళ్తూ పాత డబ్బా ఇమ్మన్నారు, పిల్లలకి చూపిస్తానని. రెండు రోజులు ఉంచుకుంటానని చెప్పాను. ఆ ర్యాక్ పని చేసిన అతను మాకు రెండు సందుల అవతలే ఉంటాడు, మంచి పనివాడు. సాయంత్రం ఆ డబ్బా తీసుకుని వెళ్లి చీలిన గీతలు, విరిగిన కొమ్ము చూపించాను. చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. "నాకు దీని సంగతి ఎవరూ చెప్పలేదన్నా" అన్నాడు. మొన్న అటు వెళ్తే లిఫ్ట్ మీద ఒక కారు ఉంది. షాఫ్ట్ బోల్టు విప్పకముందే డ్రైవర్ సీటు బెల్టు లాగి స్టీరింగ్ చువ్వకి గట్టిగా కట్టి ఉంచాడు.